చెంగమ్మ రాని రోజులు

మా గురువుగారు డాక్టర్ మునిరత్నం గారిని ఏదైనా అడిగితే జవాబు చెప్పేవారు కాదు, చెప్పులు తొడుక్కునేవారు. ఎటో బయల్దేరేవారు, అడిగిన పాపానికి వెనకాల మనమూ నడవాలి. నలభై ఏళ్ల కిందటి శ్రీకాళహస్తి అది. గుడి మాడవీధిలో ఆయన ఆస్పత్రి: రెండు గదులు, ఒక బల్ల, టింక్చరు వాసన. ఇప్పటికీ ఆ వాసన ఎక్కడ తగిలినా నా కాళ్లు నడకకు సిద్ధమవుతాయి. నేను వైద్యం నేర్చింది పోస్టులో తెప్పించుకున్న పుస్తకాల్లో. మూడో సంపుటం దారిలో పోయింది, అందులోని జబ్బులు నాకు నేటికీ తెలియవు. అయినా రోగుల రిజిస్టరు నా చేతిలో ఉండేది కాబట్టి నన్ను నేను సగం డాక్టరుననుకునేవాణ్ణి.

ఏటి అవతల నుంచి చెంగమ్మ వచ్చేది. కలంకారీ గుడ్డల మీద దేవుళ్ల బొమ్మలు గీసే మనిషి. ముప్పై ఎనిమిదేళ్లకే పార్కిన్సన్ జబ్బు పట్టుకుంది. చెయ్యి వణుకుతోందని, వేళ్లు బిగుసుకుపోతున్నాయని చెప్పేది. తీరా బల్ల మీద చెయ్యి పెడితే అది నా చెయ్యి కంటే నిమ్మళంగా ఉండేది. ‘మందు బాగా పనిచేయుచున్నది’ అని ప్రతి నెలా గుండ్రటి అక్షరాల్లో రాసేవాణ్ణి.

ఒకరోజు ఆమె బావగారు దొరస్వామి వచ్చాడు. పని నడిపించే మేస్త్రీ ఆయనే. ఇక్కడ కుదురుగా ఉండే చెయ్యి ఇంట్లో ఎందుకు వణుకుతోందని, గీతలు చెడగొట్టేది ఒళ్లు వంగకేనని ఆయన వాదన. డాక్టరు ఒక్క మాట చెబితే ఆమె దగ్గర కలం తీసుకుని, ఏట్లో గుడ్డలు ఉతికే పనికి పంపుతాడట. చెంగమ్మ పన్నెండో ఏట పట్టిన కలం అది.

ఆయన వెళ్లాక నేను అడిగాను. “గురువుగారూ, ఈమె అబద్ధమాడుతోందంటారా?”

గురువుగారు రిజిస్టరు తెప్పించి, నా అక్షరాలు వదిలేసి తేదీలు మాత్రం చదివారు. ఆ వారం చెంగమ్మ రాగానే, “ఏ రోజుల్లో రావమ్మా నువ్వు?” అని అడిగారు. ఆమె నా వైపు చూసింది. ఆయన నన్ను మంచినీళ్లకు పంపారు. నేను చెంబుతో వచ్చేసరికి సంగతి అయిపోయింది.

రెండు వారాల తర్వాత చెప్పులు తొడుక్కున్నారు. ఏటి ఇసకలో నడుస్తూ చెప్పారు. నెలసరి దగ్గర పడితే నాలుగు రోజుల ముందు నుంచే చెంగమ్మ మాడవీధిలో అడుగుపెట్టదు. గుడి ముందర ఉండగా అది వచ్చేస్తే అపచారమని భయం. సరిగ్గా అప్పుడే ఒంట్లో ఆడ హార్మోను తగ్గుతుందని, దాంతో కొందరికి ఈ జబ్బు ముదిరినట్టయి మందు పట్టు సడలుతుందని అన్నారు. నా దగ్గరున్న రెండు సంపుటాల్లోనూ ఆ ముక్క లేదు.

వెళ్లేసరికి చెంగమ్మ గుడ్డ ముందు కూర్చుని, కుడి మణికట్టును ఎడమచేత్తో అదిమి పట్టుకుని అమ్మవారి కనురెప్ప గీస్తోంది. గీత పురుగు పాకినట్టు పోతోంది.

“ఈ దినాలు ఇంతే సామీ,” అంది తలెత్తకుండా. “మీ కాడికొచ్చే దినం బాగుంటాది. నేనేం చేసేది?”

గురువుగారు దొరస్వామిని పక్కన కూర్చోబెట్టుకుని విషయం చెప్పారు. ఆయన నేల చూపులు చూస్తూ, ముందే చెప్పుంటే ఇంత దూరం వచ్చేదా అని గొణిగాడు.

“ఎవురికి చెప్పేది బావా? నీకా?” అంది చెంగమ్మ.

దొరస్వామి లేచి ఆ గుడ్డను మడిచి లోపల పెట్టాడు. ఈ నాలుగు దినాలు రంగులు పూయమని, రెప్పలు తర్వాత నువ్వే గీద్దువని అన్నాడు. గురువుగారు ఆ రోజులకు మందు వేరుగా రాసిచ్చారు.

తిరిగి వస్తూ నేను ఊరుకోలేకపోయాను. ఏడాదిగా ప్రతి నెలా ఆమెను చూస్తున్నాం కదా, మనకెందుకు తెలియలేదని అడిగాను.

“మనం చూసిందంతా ఆమె రాగలిగిన రోజుల్నే గదయ్యా,” అన్నారు.