రేగుకొండ మీద రాళ్ల దొంతి

రేగుకొండ ఎక్కడం మొదట్లో సుఖమే. నడుమ నుంచే తంటా. మూడు చోట్ల పరుపుబండలు అడ్డొస్తాయి. బండ మీద అడుగుజాడ పడదు, పక్కనేమో లోయ. అందుకని ఆ కొండ జంతువులకు ఒక ఆచారం ఉంది. బండ అంచున కాలిబాట తగిలే చోట రాళ్లు దొంతిగా పేర్చి ఉంటాయి. పైకి వెళ్లే ప్రతి జీవీ తన వంతుగా ఒక రాయి పెట్టి పోవాలి.

కొండ కొసన రేగుపళ్లు పండాయని తెలిసి, ఆ పుష్యమాసంలో ఒక నక్క పొద్దున్నే బయల్దేరింది. కింద ముసలి మేక ఎదురైంది.

"నేనూ వస్తున్నా అల్లుడూ. పిల్లలు రెండూ రేగుపళ్లని ప్రాణం తీస్తున్నాయి. నాకు చూపు సరిగా ఆనదు, దొంతులు చూసుకుంటూ మెల్లగా వస్తాలే."

"తొందరేముంది అత్తా, నిదానంగా రా," అంది నక్క. ఎంత మర్యాదో చూడండి. మొదటి బండ దగ్గరే దొంతిని కాలితో తన్నింది. రెండోదాన్నీ మూడోదాన్నీ కూడా తన్నింది. ఇక ముసలిది రాలేదు, పళ్లన్నీ తనవే.

మేక మొదటి బండ చేరేసరికి రాళ్లు చెల్లాచెదురుగా ఉన్నాయి. మూతితో ఒకటి కదిపి చూసింది. మట్టి అంటిన వైపు పైకుంది, ఎండలోనూ ఆ మట్టి ఇంకా తడిగానే ఉంది. ఇప్పుడే ఎవరో తన్నారనుకుంది. ఒళ్లు మండింది. అయినా ఏళ్ల తరబడి ఎక్కిన కొండ కదా, వాసన పట్టుకుంటూ దారి వెతికి, రాళ్లు మళ్లీ పేర్చింది. రెండో బండ దగ్గరా అంతే. మూడోది చేరేసరికి మంచు కమ్మేసింది. పిల్లలకు పాలివ్వాలి, ఇక దిగిపోదామనుకుంది.

అప్పుడు బండ మీద నుంచి, పళ్లు తిని దిగొస్తున్న నక్క గొంతు వినిపించింది.

"అత్తా, నువ్వేనా? దారి కనపడ్డం లేదు. ఇందాక కాలు జారింది, కింద ఏమీ తగల్లేదు."

"దొంతి చూసుకుని రా మరి."

"దొంతి లేదు."

"లేదా? అయితే చరియ విరిగి ఉంటుంది. దొంతితో పాటు దారీ పోయి ఉంటుంది. నేను రమ్మంటే నువ్వు లోయలో పడతావు. ఆ పాపం నాకెందుకు, వెళ్తున్నా."

"చరియ విరగలేదత్తా."

"నీకెలా తెలుసు?"

మంచు ఇంకా చిక్కబడింది.

"నేనే తన్నాను," అంది చివరికి.

"అలా చెప్పు. అయితే దారి భద్రమే. నా అరుపు వింటూ రా."

పాలు నిండి పొదుగు సలుపుతున్నా మేక అక్కడే నిలబడి అరుస్తూ ఉంది. నక్క పొట్ట నేలకానించి పాక్కుంటూ వచ్చింది. సిగ్గుతో తలెత్తలేదు.

"నీకు ముందే తెలుసు కదూ?"

"మొదటి బండ దగ్గరే అనుమానం వచ్చింది. నీ నోట రావాలిగా. ఊఁ, రాళ్లు ఎత్తు. రేపు మంచు విడిచాక నా పిల్లలకు పళ్లూ నువ్వే తేవాలి."

నక్క నోటితో ఒక్కో రాయీ తెచ్చి పేర్చింది. తిన్న రేగుపళ్లు కడుపులో బరువుగా ఉన్నాయి.

వెనక వచ్చేవాళ్లకు దారి చెరిపితే, తిరిగొచ్చేటప్పుడు మనకూ దారుండదు.