పెరుగుకు పులుపొచ్చిన రోజు

ఒకప్పుడు పెరుగు పుల్లగా ఉండేదే కాదు. పాలు తోడుకునేవి గానీ, పాలలాగే తియ్యగా ఉండేవి.

ఆ పెరుగులో బుల్లి బుల్లి జీవులు ఉండేవి. కళ్ళు చికిలించి వెతక్కండి, కనబడవు! అవి పాలలోని తీపి తిని, తయారైన పులుపును కడుపులోనే దాచుకునేవి. "పులుపు తగిలిందా, మనుషులు మనల్ని కుండతో సహా పారబోస్తారు" అని వాటి పెద్దలు భయపెట్టేవారు. అందరిలోకీ చిన్నదైన చిటికి ఆ భయంతోనే పెరిగింది.

వాళ్ళ కుండ గొల్ల కొమురమ్మది. ఓసారి కొమురమ్మ కూతురు ఎల్లికి మూడు రోజులు విరేచనాలు పట్టుకున్నాయి. కాస్త పెరుగన్నం తప్ప ఏదీ కడుపులో నిలవడం లేదు. ఆ కంగారులో కొమురమ్మ పొగలు కక్కుతున్న పాలలోనే తోడు వేసేసింది. ఇంకేముంది, చిటికి చుట్టాలంతా ఉడికిపోయారు.

"అయ్యో, నా చేతులిరగ! కాగిన పాలల్ల ఏస్తినే!" అని కొమురమ్మ తల బాదుకుంది. పాలు చల్లారేదాకా ఆగింది. చిటికెన వేలు ముంచి చూసుకుంది. పాత పెరుగు గిన్నెకు అంటుకున్న కాస్తా గీకి అందులో వేసింది. ఆ కాస్తలో మిగిలింది చిటికి, కొందరు అక్కచెల్లెళ్ళు.

అంతలో కుండ మీద ఈగ వాలింది. దాని కాళ్ళ నుంచి కుళ్ళు క్రిములు బిలబిలమంటూ దిగాయి.

"ఈ పాలు మావి! రేపు ఆ పిల్ల కడుపూ మాదే!"

 చిటికి దగ్గరున్న ఆయుధం పులుపొక్కటే. కక్కితే కొమురమ్మ పారబోస్తుంది. కక్కకపోతే ఎల్లి దక్కదు. ఎవరినైనా అడుగుదామంటే పెద్దలు ఒక్కరూ మిగల్లేదు.

"కక్కండే!" అని అరిచింది చిటికి.

ఒకటి రెండై, రెండు నాలుగై, నాలుగు వేలై అంతా పులుపు కక్కారు. కుళ్ళు క్రిములు మెలికలు తిరిగి చచ్చాయి. పాలు గట్టిగా తోడుకున్నాయి.

పొద్దున్నే కొమురమ్మ వేలితో నాకి చూసింది. ఆమె మొహం వంకర పోయింది.

"థూ! ఖరాబైంది" అంటూ కుండెత్తింది.

చిటికి కళ్ళు గట్టిగా మూసుకుంది.

పుల్లటి వాసన మంచంలో ఉన్న ఎల్లి ముక్కుకు తగిలింది. "అవ్వా, పారబొయ్యకే! నోట్లె నీళ్ళూరుతున్నయ్. జెర పెట్టవే!" అని తల్లిని బతిమాలింది.

మూడు రోజుల్లో ఆ పిల్ల తిండి అడగడం అదే మొదలు. కొమురమ్మ ఏడుస్తూనే అన్నం కలిపింది. తిన్న ముద్ద కడుపులో నిలిచింది. లోపల చిటికి బలగం కాపలా కూర్చుంది. మర్నాటికి ఎల్లి లేచి గడప దాటింది.

అప్పటినుంచే పెరుగు పుల్లగా ఉంటోంది. అప్పటినుంచే అమ్మలు తోడు వేసేముందు పాలలో వేలు ముంచి చూస్తారు. మీరెంత మారాం చేసినా గిన్నె అడుగున ఓ చెంచాడు పెరుగు మిగులుస్తారు. చిటికి వాళ్ళు ఉండేది అందులోనే మరి.