దూతకు కప్పిన శాలువా

మంత్రి మార్తాండయ్య పొరుగు రాజ్యానికి దూతగా వెళ్లి, ఆ రాజును నిండుసభలో నోటికొచ్చినట్టు తిట్టి, క్షేమంగా తిరిగొచ్చాడు. దూతను చంపకూడదన్నది నియమం కదా. దాంతో యుద్ధం ఖాయమైంది. మంత్రి ధైర్యానికి మెచ్చి రాజుగారు సైన్యం ముందే ఆయనకు పట్టుశాలువా కప్పారు.

ముందు వరసలో బల్లెం పట్టుకుని నిలబడ్డ కుమ్మరి పోలయ్య దణ్ణం పెట్టాడు.

"ప్రభూ, మమ్మల్నీ దూతలుగానే పంపండి. అందరం వెళ్లి తిట్టొస్తాం."

"మరి యుద్ధం ఎవడు చేస్తాడురా?"

"మంత్రిగారున్నారుగా. అంత ధైర్యం మాకెక్కడిది? ఇదిగో, నా బల్లెం వారికే ఇచ్చేస్తాను."

రాజుగారికి ఇది సబబుగానే తోచింది. మంత్రివైపు తిరిగారు.

మార్తాండయ్య అప్పటికే శాలువా తీసి మడత పెడుతున్నాడు.

"ప్రభూ, దీన్ని ఆ రాజుగారికి కప్పి, క్షమాపణ చెప్పుకొస్తాను. దూతగానే వెళ్తాను సుమండీ."