వెనకనున్న బావి

కోటిలింగం రెండేళ్లుగా ఒకే దారిని గీస్తున్నాడు, చెరిపేస్తున్నాడు.

అతనుండేది తూర్పు సముద్రం ఒడ్డున ఒక చిన్న మఠంలో. మఠమంటే గోపురాలేమీ లేవు. మూడు తాటాకు పాకలు, ఒక బావి, ఏడుగురు మనుషులు. వాళ్లకొక వ్రతం ఉంది. ఎండిన సొరబుర్రలో తూర్పు సముద్రపు నీళ్లు నింపుకుని, దేశానికి అడ్డంగా నడిచి, పడమటి సముద్రంలో పోయాలి. నిండిన బుర్రను దారిలో నేల మీద పెట్టకూడదు. పడమటి సముద్రం చేరేదాకా ఒక్క అడుగు వెనక్కి వేయకూడదు. బయల్దేరేటప్పుడు అందరిలా 'వెళ్లొస్తాను' అనకూడదు, 'వెళ్తున్నాను' అనాలి. మఠం పెద్ద నిరంజనస్వామి ఈ నియమాలు తన గురువు దగ్గర నేర్చుకుని, శిష్యులకు అక్షరం పొల్లుపోకుండా నేర్పారు.

మఠానికి రాకముందు కోటిలింగం సర్వే ఆఫీసులో గొలుసు పట్టి భూములు కొలిచే చైన్‌మన్. అందుకని అతనికి మ్యాపులంటే గురి. పదకొండు షీట్లు అన్నం మెతుకులతో అతికించి, బావులన్నిటికీ ఎర్ర సున్నా చుట్టాడు. దారిలోని బడిపంతుళ్లకి తొంభై కార్డులు రాశాడు, మీ ఊరి బావి ఏ నెలలో ఎండుతుందో తెలియజేయగలరు అని. అరవై మంది జవాబిచ్చారు. ఒకాయన మాత్రం, బావి సంగతి సరే, మా బడికి కప్పు లేదు, ఎవరితోనైనా చెప్పగలరా అని రాశాడు.

ఎంత రాసినా మధ్యలో అరచేయంత జాగా ఖాళీగానే మిగిలింది. తుంగభద్ర దాటాక వచ్చే పెద్ద బీడు అది. నాలుగు రోజుల నడక. గడ్డి, నల్లరాళ్లు, ఆగని గాలి. జవాబు రాయడానికి అక్కడ ఊరంటూ లేదు.

రెండేళ్ల కిందట ఆ బీడులోకి ఇద్దరు వెళ్లారు, కోటిలింగం, అతని సావాసగాడు సాంబయ్య. మొదటి రోజే ఎండకి సాంబయ్య పడిపోయాడు. తాగే నీళ్లు అప్పటికే అయిపోయాయి. "లింగం, నీళ్లు" అన్నాడు.

వాళ్లు పొద్దున తాగి వచ్చిన బావి, బీడు అంచున, ఒక పూట దూరం వెనక ఉంది. కోటిలింగం వెనక్కి తిరగలేదు. ముందుకే పరిగెత్తాడు. మర్నాడు మధ్యాహ్నానికి గొర్రెల కాపరుల కుంట ఒకటి కనబడింది. అక్కడ నీళ్లు ముంచుకుని, అప్పుడు మాత్రం నియమం సంగతి మరిచిపోయి, వచ్చిన దారినే వెనక్కి పరిగెత్తాడు. అప్పటికి ప్రాణం లేదు. సాంబయ్య పక్కన అతని సొరబుర్ర పడి ఉంది. అందులో చుక్క లేదు. దాహం ఆగక ఆ ఉప్పునీళ్లే తాగేశాడు.

కాపరుల సాయంతో అక్కడే పూడ్చి, రాళ్లు పేర్చి, కోటిలింగం రెండు బుర్రలూ మోసుకుని మఠానికి వచ్చాడు. ఎందుకు వెనక్కి తిరగలేదని ఎవరూ అడగలేదు. అడిగి తిట్టి ఉంటే కొంత నయంగా ఉండేది.

అప్పట్నుంచీ అతని బతుకంతా ఆ కాగితమే. సాంబయ్య బుర్రను కూడా తనే మోసుకెళ్లి, సగంలో ఆగిన నడక పూర్తి చేస్తే ఏమైనా తేలిక పడుతుందేమోనని ఆశ. పడదని కూడా తెలుసు. తిండి తగ్గిపోయింది. నిద్రలో నాలిక పిడచకట్టి లేచేవాడు.

ఈసారి మాఘమాసం రాగానే కాగితం తెచ్చి స్వామి ముందు పరిచాడు. స్వామికి ఎనభై దాటాయి. వంగి, వేలితో దారి వెంటే వెళ్లారు. బీడు దగ్గరికి వచ్చేసరికి గీత ఉత్తరంగా పక్కకి జరిగి, ఆరు రోజులు చుట్టు తిరిగి, మళ్లీ పడమరకి వచ్చింది.

ఆయన వేలు ఖాళీ జాగాలో ఆగింది. "ఇక్కడేముంది లింగం?"

"ఏమీ లేదు స్వామీ. బీడు."

"సాంబయ్య ఉన్నాడు కదా."

కోటిలింగం కాగితం మడిచి లేచిపోయాడు. అయినా ప్రయాణం మానలేదు. ఇక్కడ కూర్చుని చావడం కంటే నడుస్తూ చావడం మేలని అతనికి గట్టిగా అనిపించింది.

మూడో రోజు తెల్లవారి సముద్రంలోకి దిగి రెండు బుర్రలూ నింపి, చెరో భుజానికి తగిలించుకుని, పడమరగా మఠం గుమ్మం దాకా నడిచి వచ్చాడు. స్వామి గుమ్మం బయట అరుగు మీద కూర్చుని ఉన్నారు. మిగతా శిష్యులు చుట్టూ నిలబడ్డారు.

కోటిలింగం ఒంగి దణ్ణం పెట్టాడు. "వెళ్తున్నాను స్వామీ."

"దాహంగా ఉంది. మంచినీళ్లు తెచ్చిపెట్టు" అన్నారు స్వామి.

బావి కోటిలింగం వెనక ఉంది. పాతిక అడుగులు కూడా లేదు.

పక్కనున్న శిష్యుడు చెంబు అందుకోబోయాడు. స్వామి చేయి అడ్డుపెట్టారు. "నీకు చెప్పలేదు."

కోటిలింగం కదల్లేదు. స్వామి పెదాలు నిజంగానే ఎండిపోయి ఉన్నాయి. ముందురోజు సాయంత్రం నుంచి ఆయన చుక్క ముట్టలేదని తర్వాత తెలిసింది.

"లింగం, నీళ్లు" అన్నారు స్వామి మళ్లీ.

కోటిలింగం ఒక బుర్ర దించి నేల మీద పెట్టాడు. రెండోదీ పెట్టాడు. చెంబు తీసుకుని వెనక్కి తిరిగి, బావి దాకా వెళ్లి, తోడి తెచ్చాడు. అంతా కలిపి ఎంతోసేపు పట్టలేదు. అందుకే వచ్చేటప్పుడు అతనికి ఏడుపు ఆగలేదు.

స్వామి సగం తాగి చెంబు కింద పెట్టారు.

"మీరిద్దరూ బయల్దేరిన రోజున నేను అడగాల్సిన నీళ్లివి" అన్నారు.

కోటిలింగం సాంబయ్య బుర్ర తీసి, అందులోని ఉప్పునీళ్లు ఇసకలో వంపేసి, బావిలో నీళ్లు తోడి నింపాడు. బీడులో రాళ్ల కింద ఉన్నవాడు తాగడని అతనికి తెలుసు. అయినా నిండుగా నింపి బిరడా బిగించాడు. తన బుర్రను నేల మీదే వదిలేశాడు. మడిచిన కాగితం దాని కింద పెట్టాడు.

లేచి నిలబడి "వెళ్తు..." అని ఆగిపోయాడు. స్వామి ఎదురుచూశారు.

"వెళ్లొస్తాను స్వామీ" అన్నాడు.

ఆ మాటకి బదులు చెప్పడం ఆ మఠంలో ఎవరికీ అలవాటు లేదు.