“తిన్నావా?” అని అడిగే పొయ్యిరాళ్ళమ్మ

మల్లెలదుర్గం వచ్చిన భక్తులు ముందు కోట ఎక్కాలా, గుడికి వెళ్ళాలా అని అడుగుతుంటారు. ముందు తినాలి. కోట తూర్పు వాకిలి ఎదుట ఓళిగల వీధి ఉంది. పొద్దున్నే బొరుగుల ఉగ్గాని, బజ్జి, ఆపైన అలసంద వడలు, అరిసెల్లాంటి అత్తిరాసాలు, పెనం దిగుతూనే నేతిలో మునిగే ఓళిగలు, అంటే పూర్ణం బొబ్బట్లు, అక్కడ దొరుకుతాయి. కడుపు నిండాక మెట్లబావి, ఏనుగుల చావడి, కొండమీది మొండి గోపురం తీరిగ్గా చూడవచ్చు. పొయ్యిరాళ్ళమ్మ గుడి ఆ వీధి నడుమనే వెలసింది. విగ్రహం లేదు. మసిబారిన మూడు రాళ్ళే అమ్మవారు. ఉపవాసంతో వచ్చినవారికి ఇక్కడ దర్శనం లేదు.

పూర్వం ఇక్కడ పెదవీరప నాయకుడనే దుర్గాధిపతి ఉండేవాడు. కొండమీది అమ్మవారికి తొమ్మిది అంతస్తుల గోపురం మొక్కుకున్నాడు. శిఖరం నిలిచేదాకా పట్నంలో ఎవరూ పొయ్యి రాజేయరాదని, నానబెట్టిన పెసలు, మజ్జిగతోనే సరిపెట్టుకోవాలని, మాట మీరితే చేతులు తీయిస్తానని చాటింపు వేయించాడు. తానూ అంత నిష్ఠగానే ఉన్నాడు, అది ఒప్పుకోవాలి. కాని ఆయన పస్తుండి పల్లకిలో తిరిగాడు, కూలీలు పస్తుండి బండలు మోశారు.

ఓళిగలు కాల్చి బతికే తిప్పమ్మకు తమ్ముడు ఓబన్న తప్ప ఎవరూ లేరు. ఒకనాడు ఓబన్న నెత్తిన బండతో కొండదారిలో కుప్పకూలాడు. ప్రాణం దక్కింది గాని కాలు విరిగింది. తమ్ముణ్ణి ఇంటికి మోసుకొచ్చిన తిప్పమ్మకు ఏడుపు రాలేదు, ఒళ్ళు మండింది. మర్నాడు మిట్టమధ్యాహ్నం సరిగ్గా కోట వాకిలి ఎదుటే మూడు రాళ్ళు పెట్టి పొయ్యి రాజేసింది. కాలిన ఓళిగ వాసన కొండదారి పట్టింది. కూలీలు బండలు దించి వచ్చి కూర్చున్నారు.

కావలివాళ్ళు ఆ రాళ్ళను కందకంలోకి దొర్లించారు. ఆమె మొలలోతు నీళ్ళలో దిగి వాటిని తెచ్చుకుని మళ్ళీ పొయ్యి పెట్టింది. రెండోనాడూ అదే జరిగింది. మూడోనాడు నాయకుడే వచ్చాడు.

“చేతులు పోతాయని తెలిసే చేస్తున్నావా?” అని అడిగాడు.

“తెలుసు సామీ. ఉన్నంతసేపు కాలుస్తా,” అంది తిప్పమ్మ, ఓళిగ తిరగేస్తూ. “ఆకలిగొన్నోళ్ళు మోసిన రాళ్ళ కింద అమ్మ ఎట్ల కూచుంటాదో నువ్వే చెప్పు.”

నాయకుడు కావలివాళ్ళ వంక చూశాడు. వాళ్ళూ పెసలు నములుతున్నవాళ్ళే, తలలు దించుకున్నారు. ఆయనకు రోషం వచ్చింది. పొయ్యిలో నీళ్ళు కుమ్మరించి, తానే వంగి రాయి పట్టుకున్నాడు. రాయి కదలలేదు. బలమంతా కూడగట్టి రెండోసారి లాగాడు. కళ్ళు బైర్లు కమ్మి అక్కడే చతికిలబడ్డాడు.

తిప్పమ్మ నవ్వలేదు. “తిన్నావా సామీ?” అంది.

ఆ మాట ఆయన్ను ఎవరైనా అడిగి ఎన్నేళ్ళయిందో. అందరూ వింటుండగా, “లేదమ్మా, పెట్టు” అన్నాడు. ఆమె ఓళిగ తెచ్చి చేతిలో పెట్టింది. ఆయన తింటుండగానే కొండమీది అర్చకుడు పరుగున వచ్చాడు. తలుపులు మూసిన గర్భగుడిలో అమ్మవారి పెదవులకు పూర్ణం అంటి ఉందన్నాడు. గోపురం ఆనాడే ఆరో అంతస్తు దగ్గర ఆగింది. ఇక కట్టవద్దని నాయకుడే ఆనతిచ్చాడు. తిప్పమ్మ చేతులు ముసలితనందాకా ఓళిగలు కాలుస్తూనే ఉన్నాయి.

నేటికీ ఈ గుడిలో గోత్రం అడగరు. పూజ చేసే ఓబన్న వంశీకులు గడప దగ్గర “తిన్నావా?” అని అడుగుతారు. “లేదు” అంటే మొదట ఆకు వేసి వడ్డిస్తారు. ఆ మధ్య ఎవరో పెద్దమనిషి ఉపవాస దర్శనమే శ్రేష్ఠమని బోర్డు పెట్టించాడు. వీధి ఆడవాళ్ళు దాన్ని ఊడదీసి పిండి తొట్టికి మూతగా వాడుతున్నారు. ఇక్కడ తిన్నవారి ఇంట పొయ్యి ఆరదని నమ్మకం.

దసరానాడు నాయకుడి వంశంలో పెద్దవాడు పస్తుండి, నెత్తిన రాయితో కొండ దిగి రావాలి. గుడి వాకిట ఓబన్న వంశపు ఆడపడుచు ఆయన్ను అదే మాట అడుగుతుంది. “లేదమ్మా, పెట్టు” అని వీధంతా వినేలా చెప్పేదాకా రాయి దించనివ్వరు. గొణిగితే ఆమె మళ్ళీ అడుగుతుంది. పోయిన ఏడాది నాలుగుసార్లు అడగవలసి వచ్చింది.