కోటమ్మ పేరు

నీలవేణి మాట్లాడిన చోటల్లా జనం చప్పట్లు కొట్టారు. నేరేడులంకలో మాత్రం నవ్వారు.

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. ఈ అమ్మాయి ఊరూరా రచ్చ గెలిచి, ఎవరి కథ చెబుతోందో ఆ మనిషి ఊళ్లోనే బోర్లా పడింది. బస్సు దిగి ఇంటికి కూడా పోకుండా తిన్నగా గురువు గుమ్మం ఎక్కింది.

గురువంటే గడ్డమూ కమండలమూ ఊహించుకోకండి. భ్రమరాంబ గారు ఒకప్పుడు హరికథలు చెప్పేవారు. గొంతు బొంగురుపోయాక చిడతలు పక్కనపెట్టి, చరిత్రలో ఎక్కడా కనపడని ఆడవాళ్ల కథలు పోగుచేయడం మొదలుపెట్టారు. ఆ కథల్ని కాలేజీలకీ, గ్రంథాలయాలకీ, మహిళా సంఘాలకీ తీసుకెళ్లి చెప్పే ఆడపిల్లల్ని తయారుచేస్తున్నారు. వాళ్లలో నీలవేణి నాలుక మీద సరస్వతి ఉందని అందరూ అనేవారు. ఆ సంగతి నీలవేణికి కాస్త ఎక్కువగానే తెలుసు.

"నవ్వారమ్మగారూ!" అంది, చెప్పులైనా సరిగ్గా విడవకుండా. "కొంగు నోటికి అడ్డం పెట్టుకుని మరీ నవ్వారు."

"ఎక్కడ నవ్వారు?"

"సరిగ్గా చప్పట్లు రావలసిన చోట."

"ఏదీ, ఆ చోటు చెప్పు."

నీలవేణి అక్కడే నిలబడి చెప్పింది. నేరేడులంక కాలువకి చిట్టచివరి ఊరు. వెనకటికి ఒక ఏడు పైనున్న లాకు తలుపులు ఎత్తకపోతే చుక్క నీరు దిగక చేలు నెర్రెలిచ్చాయి. మగవాళ్లు అర్జీలు పెట్టి పెట్టి ఊరుకున్నారు. అప్పుడు కోటమ్మ అనే పిల్లల్లేని వితంతువు ఊరి ఆడవాళ్లను వెంటబెట్టుకుని వెళ్లి ఆ లాకు మీద కూర్చుంది. తలుపులు ఎత్తి నీళ్లు వదిలేదాకా లేవలేదు. ఆ ఏడు ఊరు అన్నం తింది. కోటమ్మ మాత్రం ఎండదెబ్బకి మంచమెక్కి, పంట ఇంటికి రాకముందే పోయింది.

ఇక్కడిదాకా చెప్పి నీలవేణి గొంతు పెంచింది. "కోటలో పుట్టింది! కోటలా నిలబడింది! పేరే కోటమ్మ!"

భ్రమరాంబ గారు తలెత్తి చూశారు.

"కోటంటే ఆవిడ పుట్టిన ఊరా?"

"అవునమ్మగారూ. కాలువకి అవతల ఉంటుంది, చిన్న ఊరు."

"ఊఁ."

"వాళ్ల చరిత్ర విలువ వాళ్లకే తెలీదు. వచ్చే వారం ఆ లాకు దగ్గర కోటమ్మ పేరు మీద రాయి నిలబెడుతున్నాం. ఈ మూడు మాటలే దాని మీద చెక్కమని చెప్పి వచ్చాను. ఆ రోజు కూడా నవ్వితే నా పరువు సరే, ఆవిడ పరువేం కావాలి?"

"రాయి చెక్కే అతన్ని అప్పుడే ఉలి పెట్టొద్దను," అన్నారు భ్రమరాంబ గారు. "నేనూ వస్తాను."

రాయి నిలబెట్టే రోజుకి ముందే నేరేడులంక బడి ఆవరణలో మళ్లీ షామియానా వేశారు. ఆడవాళ్లు చాపల మీద కూర్చున్నారు. కొందరు పసిపిల్లల్ని ఒళ్లో వేసుకుని వచ్చారు. ముందు వరసలో, పెద్దావిడ కదాని, పర్చూరమ్మకి కుర్చీ వేశారు. కోటమ్మకి తోడికోడలు ఆవిడ. ఆనాడు లాకు మీద కూర్చున్నవాళ్లలో ఇప్పుడు మిగిలింది ఆవిడొక్కతే.

భ్రమరాంబ గారు అందరికీ దణ్ణం పెట్టి, నీలవేణి భుజం మీద చెయ్యి వేసి, "ఈ అమ్మాయిది రేపల్లె. మా రేపల్లెమ్మ," అన్నారు.

అంతే. ఆ పేరు ఊరికి ఇట్టే పట్టుబడింది.

"రేపల్లెమ్మా, ఇలా నీడలోకి రండి." "రేపల్లెమ్మకి మంచినీళ్లు ఇవ్వండే." "క్రితంసారి వచ్చిన రేపల్లెమ్మేగా!"

నీలవేణి మొదట నవ్వింది. తరవాత నవ్వీ నవ్వనట్టు చూసింది. మైకు అతను కూడా "ఇప్పుడు రేపల్లెమ్మ గారు ప్రసంగిస్తారు," అనేసరికి ఒళ్లు మండింది. నేను ఊరూరూ తిరిగి, గొంతు చించుకుని, ఇంత పేరు తెచ్చుకున్నది ఇందుకా అనుకుంది. వంగి గురువు చెవిలో అంది:

"అమ్మగారూ, వీళ్లకి నా పేరు చెప్పండి."

"పిలిస్తే పలుకుతున్నావుగా," అన్నారు భ్రమరాంబ గారు. "ఇంక పేరెందుకు?"

ఆ మాట నీలవేణికి ఎక్కడో గుచ్చుకుంది. గురువు కదా, ఉక్రోషం దిగమింగుకుని మైకు అందుకుంది.

కథ మొదలుపెట్టింది. ఎండిన చేలు చెప్పింది. లాకు చెప్పింది. ఆడవాళ్లు కదలకుండా విన్నారు. పర్చూరమ్మ కళ్లు తుడుచుకుంది. నీలవేణి గొంతు పెంచింది.

"కోటలో పుట్టింది! కోటలా నిలబడింది! పేరే..."

రేపల్లెమ్మ అన్న పిలుపు చెవిలో మోగింది.

నీలవేణి గురువు వైపు చూసింది. ఆవిడ తల వంచుకుని చాప అంచు సవరిస్తున్నారు.

నీలవేణి మైకు కింద పెట్టి, వేదిక దిగి, పర్చూరమ్మ కుర్చీ దగ్గర మోకాళ్ల మీద కూర్చుంది.

"మామ్మగారూ, మీ అక్క పేరేంటండీ?"

"కోటక్క."

"కోట నుంచి వచ్చిందని అలా పిలిచారు. అసలు పేరు?"

పర్చూరమ్మ చాలాసేపు ఆలోచించింది. "కాపరానికి వచ్చిన రోజే మా అత్తగారు ఒసే కోటమ్మా అంది. అందరం అదే అందుకున్నాం. ఒక్క కంచంలో తిన్నాం తల్లీ. ఎన్నడూ అడగలేదు. పంచాయతీ కాగితాల్లోనూ కోటమ్మే. మేం ఏది చెబితే అది రాసుకున్నారు."

వెనకనుంచి ఒకామె అంది, "మేం క్రితంసారి మిమ్మల్ని ఎగతాళి చెయ్యలేదండీ. ఊరి పేరు పెట్టి పిలిస్తే మీరేమో పేరులోనే కోట ఉందంటున్నారు. చదువుకున్నవారు, ఎలా చెప్పాలో తెలియక నవ్వాం."

ఇప్పుడెవరూ నవ్వలేదు.

"మరి మీ పేరో, మామ్మగారూ?" అంది నీలవేణి.

"పర్చూ..." అని ఆవిడ నాలుక కరుచుకుంది. కొత్తకోడలిలా కొంగు లాక్కుంది. "తిలోత్తమ. మా నాన్న పెట్టాడు. కార్డు మీద ఉందంతే. ఆ పేరుతో పిలిచేవాళ్లందరూ పోయారు."

ఆవిడ కోడలు, నడివయసు మనిషి, చాప మీదనుంచి లేచి వచ్చి అత్తగారి చెయ్యి పట్టుకుంది. "ఎంత మంచి పేరత్తయ్యా," అంది. ముసలావిడ బావురుమంది.

ఆ పూట ప్రసంగం మళ్లీ మొదలవలేదు. చాపల మీద ఒకరి తరవాత ఒకరు లేచి తమ పేరు చెప్పారు. తల్లి పేరు చెప్పారు. తల్లికి తల్లి పేరు దగ్గరికి వచ్చేసరికి చాలామంది ఆగిపోయారు.

మర్నాడు నీలవేణి ఒక్కతే కాలువ దాటి కోటకి వెళ్లింది. అడగ్గా అడగ్గా కోటమ్మ మేనల్లుడు దొరికాడు. పళ్లూడిపోయిన మనిషి, అరుగు మీద నులకమంచం వేసుకుని పడుకున్నాడు. లాకు మాట ఎత్తగానే లేచి కూర్చున్నాడు.

"ఆవిడా! మా మేనత్తేనమ్మా. నన్ను చంకనేసుకుని తిప్పింది. ఆ మనిషికి భయమంటే తెలీదు."

నీలవేణికి ప్రాణం లేచివచ్చింది. "ఆవిడ పేరు చెప్పండి తాతగారూ."

"లంకత్త."

"లంకత్తా?"

"నేరేడులంకకి ఇచ్చారు గదమ్మా. పుట్టింటికి వచ్చినప్పుడల్లా ఊరంతా లంకమ్మ వచ్చింది, లంకమ్మ వచ్చింది అనేవాళ్లు. నాకు ఊహ తెలిసేప్పటికే అదే పేరు." మళ్లీ తనే అన్నాడు, "అంతకుముందు ఏదో ఉండే ఉంటుందిలే. మా నాన్నకి తెలిసుండాలి. ఆయన పోయాడు."

తిరిగివచ్చే దారి పొడుగునా నీలవేణికి ఏడుపు ఆగలేదు. పుట్టిన ఊరు మెట్టిన ఊరి పేరుతో పిలిచింది. మెట్టిన ఊరు పుట్టిన ఊరి పేరుతో పిలిచింది. అంత మనిషి, రెండు ఊళ్ల మధ్య ఎక్కడా లేకుండా పోయింది. పైగా తను ఊరూరా మైకు పట్టుకుని, ఆ లేని పేరుకే చప్పట్లు కొట్టించింది.

వాకిట్లో భ్రమరాంబ గారు చిక్కుడుకాయలు తుంచుతున్నారు. నీలవేణి అంతా చెప్పింది. చివరికి, "రాయి చెక్కే అతను రేపు వస్తాడు. ఏం చెక్కమనను అమ్మగారూ?" అంది.

"ఆవిడ చేసిన పని చెక్కించు."

"పేరు దగ్గర?"

"ఖాళీ వదిలెయ్."

"చూసినవాళ్లు ఈవిడ పేరేదీ అని అడుగుతారే!"

"అడగనీ. మీ నాయనమ్మ పేరేంటి అని తిరిగి అడుగు."

"నేనలా అడిగితే..." అంటూ నీలవేణి ఏదో అనబోయి ఆగిపోయింది.

మాచర్ల మామ్మ. ఇంట్లో అందరికీ మాచర్ల మామ్మే. రోజూ జడ వేసి, చెయ్యి పట్టుకుని బడికి తీసుకెళ్లిన మనిషి. మొట్టమొదట కథ చెప్పడం నేర్పిన మనిషి. నీలవేణి నోరు తెరిచింది. నోట్లోంచి ఏ పేరూ రాలేదు.

భ్రమరాంబ గారు చిక్కుడుకాయల చేట పక్కకి జరిపారు. లేచి లోపలికి వెళ్లి, ఫోను తెచ్చి శిష్యురాలి చేతిలో పెట్టారు.

"మీ నాన్న ఉన్నాడుగా," అన్నారు. "ఇప్పుడే అడుగు."