పక్క సెంటర్ లైను

"మాస్టారూ, ఆవిడ లైను ఎందుకు నడుస్తుంది? నా లైను ఎందుకు ఆగిపోతుంది?"

ట్రాఫిక్ ఎస్సై పిల్లా జగ్గారావు ఈ మాట అడిగింది ఒక ఆదివారం పొద్దున, వైకుంఠం గారి వరండాలో. వైకుంఠం గారు ఆ నగరంలో ముప్పై రెండేళ్లు ట్రాఫిక్ ఉద్యోగం చేసి, ఇన్‌స్పెక్టరుగా రిటైరయ్యారు. చివరి తొమ్మిదేళ్లు కొత్తగా చేరినవాళ్లకు పాఠాలు చెప్పారు కనుక ఆ శాఖలో సగం మందికి ఆయన మాస్టారే. ఆదివారాలు నలుగురైదుగురు వచ్చి కూర్చుంటారు. అడిగినదానికి అక్కడికక్కడే జవాబు చెప్పడం ఆయనకు అలవాటు లేదు. వింటారు, కళ్లజోడు తుడుచుకుంటారు, ఇంకెవరైనా మాట్లాడతారేమోనని చూస్తారు.

మాట్లాడేవాళ్లు ఉన్నారు. బళ్లు పెరిగాయి, రోడ్డు పెరగలేదని ఒకరన్నారు. మలుపులోనే ఆటోలు ఆపి జనాన్ని ఎక్కించుకుంటున్నారని మరొకరు. షాపులవాళ్లు సామాను రోడ్డు మీద పెడుతున్నారు. పైపుల కోసం తవ్విన గొయ్యి ఎనిమిది నెలలుగా పూడ్చలేదు. బస్సులు చాలవు కాబట్టి మనిషికో బండి కొంటున్నాడు. ఫ్లైఓవర్ వేస్తే తప్ప గతి లేదు. మాస్టారు అన్నిటికీ తలూపారు. అన్నీ నిజాలే.

"అవన్నీ ఆవిడకీ ఉన్నాయి కదండీ," అన్నాడు జగ్గారావు. "అదే రోడ్డు, అవే ఆటోలు. నేను అడిగేది ఆవిడ గురించి."

ఆవిడంటే ఎస్సై కంచర్ల సునంద. జగ్గారావు కంటే ఒక బ్యాచ్ వెనక. బైపాస్ నుంచి ఊళ్లోకి వచ్చే పెద్ద రోడ్డు మీద మొదట తగిలేది రేకుల షెడ్డు సెంటర్. అక్కడ జగ్గారావు డ్యూటీ. ఆరువందల మీటర్లు దాటితే మూడు బొమ్మల సెంటర్, అక్కడ సునంద. దాని తర్వాత పాత కోర్టు. పొద్దున తొమ్మిదికీ పదిన్నరకీ మధ్య ఊళ్లోకి పోయే బళ్లన్నీ ఈ మూడింటినీ ఇదే వరసలో దాటాలి.

ఆ నెలలో ఆ రోడ్డు మీద ఒక పరీక్ష జరుగుతోంది. రోడ్డు మొత్తానికి, అంటే ఏడు సెంటర్లకీ కలిపి, ఒకే అధికారిని వేయాలని ఏసీపీ గారు నిర్ణయించారు. ఆ పోస్టుకు పోటీలో మిగిలింది జగ్గారావు, సునంద. డివైడర్ మీద ఐదు మీటర్లకొక తెల్ల గీత వేయించారు. ఆదివారాలు తప్ప రోజూ సరిగ్గా పదింబావుకు, సిగ్నల్ దగ్గర ఆగిన బళ్ల లైను ఎన్నో గీత దాకా ఉందో చూసి రాస్తారు. పదిహేను రోజుల మొత్తం ఎవరికి తక్కువైతే పోస్టు వాళ్లది. పద్నాలుగు రోజులు అయిపోయాయి. సునంద రెండువందల పది మీటర్లు మెరుగ్గా ఉంది.

ఈ అంకెలు జగ్గారావుకు నోటికి వచ్చు. చిత్రమేమిటంటే అతనికి నోటికి వచ్చినవి ఆమె అంకెలు. తనవి కాగితం చూస్తే గానీ చెప్పలేడు. డ్యూటీ దిగాక ఇంటికి దగ్గరి దారి వదిలి, మూడు బొమ్మల మీదుగా బండి పోనిచ్చేవాడు. ఆమె ఎక్కడ నిలబడుతుందో, ఎండలో టోపీ తీస్తుందో లేదో, పక్కనున్న పాల బూత్ ఆయన ఆమెకు రోజుకు ఎన్ని గ్లాసుల మజ్జిగ ఇస్తాడో అతనికి తెలుసు. తనకెవరూ ఇవ్వలేదు. ఒకరోజు స్కూటర్ మీదున్న ఒకావిడ విసుగ్గా, "ఈ ఒక్క సెంటరూ దాటితే చాలు బాబూ, ముందు మేడం ఉన్నారు, పంపించేస్తారు," అంది. ఆ మాట అతనికి మూడు రోజులు అన్నం సహించనివ్వలేదు.

"ఆవిడ హస్తవాసి మంచిదండి," అన్నాడు అతని హెడ్ కానిస్టేబుల్ భూషణం, ఓదారుస్తున్నాననుకుని.

"హస్తవాసి డాక్టర్లకుంటాదయ్యా. ట్రాఫిక్‌కి ఏటి?"

ఇక్కడ సెట్టు గురించి చెప్పాలి. సెట్టంటే భుజానికి తగిలించుకునే వైర్‌లెస్. పక్క పక్క సెంటర్లవాళ్లు అందులో రెండు మాటలతో పని నడుపుకుంటారు. ముందు సెంటర్ నిండిపోతే, అక్కడివాళ్లు వెనక సెంటర్‌కి "పట్టు" అంటారు. నీ బళ్లు కాసేపు ఆపు అని. చోటు అయ్యాక "వదులు" అంటారు. ఇది ఏ రూల్స్ పుస్తకంలోనూ లేదు. పట్టమన్నంత మాత్రాన పట్టి తీరాలనీ లేదు. పద్నాలుగు రోజుల్లో సునంద జగ్గారావును ఎన్నిసార్లు పట్టమందో అతను లెక్కపెట్టలేదు. భూషణం లెక్కపెట్టాడు: నలభై మూడు. జగ్గారావు ఒక్కసారీ పట్టలేదు. అవతల తన లైను తగ్గించుకోవడానికి ఆవిడ ఎత్తు వేస్తోందని అతని నమ్మకం. సిగ్నల్ని చేతి కిందికి తీసుకుని, తన బళ్లన్నీ పోయేదాకా పచ్చ దీపం ఆర్పేవాడు కాదు. వెనక రోడ్డు ఖాళీ కాగానే సెట్టులో "రేకుల షెడ్డు క్లియర్" అనేవాడు. అరగంటకల్లా ముందు రోడ్డు నిండి, ఆ లైను తోక అతని సెంటర్ మధ్యలోకి వచ్చి ఆగేది. దాన్ని కూడా అతను ఆమె తప్పుల లెక్కలోనే వేసుకున్నాడు.

మాస్టారు కళ్లజోడు తుడుచుకోవడం అయింది.

"నువ్వు సిగ్నల్ ఎలా నడుపుతావో ఒక కాగితం మీద రాసివ్వు," అన్నారు.

జగ్గారావు ఉత్సాహంగా రాశాడు. పెద్ద రోడ్డుకు నూట నలభై సెకన్లు. అడ్డరోడ్డుకు నలభై. లైను తోక కనిపించేదాకా మూయకూడదు. ఆఖర్న, తన అనుభవమంతా కలిపి ఇంకో వాక్యం చేర్చాడు: సెట్టులో ఎవరేమన్నా మూయకూడదు.

మాస్టారు ఏసీపీకి ఫోన్ చేశారు. ఆయనా పాత శిష్యుడే. చివరి రోజు ఒక్కరోజు ఇద్దరూ చోట్లు మార్చుకోవాలి. ఎవరు ఎక్కడ నిలబడితే అక్కడి అంకె వాళ్లది. రేకుల షెడ్డులో సునంద జగ్గారావు కాగితం ప్రకారమే సిగ్నల్ నడపాలి. ఏసీపీ ఒప్పుకున్నారు. సాయంత్రం కాగితం చేతికి అందాక సునంద రెండుసార్లు చదువుకుని, "సరే సార్," అంది. జగ్గారావు మనసులో చాలా సంతోషించాడు. మజ్జిగ ఇచ్చే సెంటర్ ఒక్కరోజైనా తనది కాబోతోంది.

సోమవారం తొమ్మిదింటికి అతను మూడు బొమ్మల దగ్గర నిలబడ్డాడు. మాస్టారు పాల బూత్ నీడలో ప్లాస్టిక్ కుర్చీ వేయించుకుని కూర్చున్నారు. మొదటి పావుగంట హాయిగా గడిచింది. తొమ్మిదీ ఇరవైకి రేకుల షెడ్డు వైపు నుంచి ఒక గుంపు వచ్చింది. అది దాటకముందే ఇంకొకటి వచ్చింది. జగ్గారావు పచ్చ దీపం వేసి ఉంచాడు. బళ్లు కదల్లేదు. ముందు పాత కోర్టు నిండి ఉంది. అయినా కొన్ని తోసుకుని సెంటర్ మధ్యలోకి వచ్చాయి. ఒక సిటీ బస్సు అడ్డంగా ఇరుక్కుంది. దాంతో అడ్డరోడ్డు కూడా ఆగింది.

"ఏవండీ ఎస్సై గారూ," బస్సు డ్రైవరు కిటికీలోంచి తల బయటపెట్టాడు. "మేడం సెలవా ఇవాళ?"

తొమ్మిదీ ముప్పై ఎనిమిదికి లైను మూడువందల గీత దాటింది. సెట్టులో సునంద గొంతు, చదివినట్టుగా వచ్చింది: "రేకుల షెడ్డు క్లియర్."

"ఏం క్లియర్ మేడం? ఎక్కడ క్లియర్?" అన్నాడు జగ్గారావు. "ఇక్కడ నా మీద పోసేసి అక్కడ క్లియరంటే ఏటండీ అర్థం?"

నలభై సెకన్ల తర్వాత ఇంకో గుంపు వచ్చింది. లైను నాలుగువందల ఎనభైకి చేరింది. జగ్గారావు చొక్కా వీపంతా తడిసింది. అతను మాస్టారి వైపు తిరిగి, "చూశారా? కావాలనే చేస్తోందండీ! ఆఖరి రోజు నా అంకె పాడుచెయ్యాలని! ఇంత కుళ్లు ఉంటాదనుకోలేదు," అన్నాడు.

"అడుగు మరి," అన్నారు మాస్టారు.

జగ్గారావు సెట్టు నోటి దగ్గర పెట్టుకున్నాడు.

"రేకుల షెడ్డు... పట్టు."

"సార్," అంది సునంద, "కాగితంలో నాలుగో మాట చూసుకోండి. ఎవరేమన్నా మూయొద్దని ఉంది. మీ చేతిరాతే."

సెట్టులో ఆ రోడ్డు మీదున్న ఏడు సెంటర్లూ వింటున్నాయి. ఎవరో నవ్వు ఆపుకున్న శబ్దం వచ్చింది. జగ్గారావు బస్సు వైపు చూశాడు, బస్సు వెనక నాలుగువందల ఎనభై మీటర్ల వైపు చూశాడు. గొంతు తగ్గించాడు.

"చూశాను మేడం. పట్టండి."

రెండు క్షణాలు గరగర. తర్వాత ఆమె, "పట్టాను," అంది.

ఆమె పన్నెండు నిమిషాలు బళ్లు పట్టింది. మధ్యమధ్య ఇరవై బళ్ల చొప్పున మాత్రం వదిలింది, అది కూడా జగ్గారావు "వదులు" అన్నాకే. ఆ ఖాళీలో అతను బస్సును వెనక్కి తీయించాడు. పాత కోర్టును "చోటుందా?" అని అడిగి, ఉందన్నాక దీపం మార్చాడు. అలా ముందు సెంటర్‌ని అడగడం అతనికి అదే మొదటిసారి. అడ్డరోడ్డు నడిచింది, పెద్ద రోడ్డూ నడిచింది. రేకుల షెడ్డు దగ్గర మాత్రం జనం హారన్లు మోగిస్తూ సునందను తిడుతున్నారు. ఆ తిట్లు సెట్టులో ఆమె మాటల వెనక వినిపిస్తూనే ఉన్నాయి.

పదింబావుకు కొలత తీశారు. మూడు బొమ్మలు, జగ్గారావు: తొంభై ఐదు మీటర్లు. రేకుల షెడ్డు, సునంద: మూడువందల ఎనభై.

భూషణం షీటు పట్టుకుని పరుగున వచ్చాడు. కూడిక దారిలోనే చేసేశాడు. "సార్! డెబ్బై ఐదు మీటర్లు మనమే ముందు! పోస్టు మనదే సార్! సంతకం పెట్టండి!"

అతని వెనకే సునంద బండి మీద వచ్చి దిగింది. ముఖం ఎండకు కందిపోయింది. షీటు మీద అంకెలు చూసింది. "కంగ్రాట్స్ సార్. మీదే," అంది. ఆ మాటలో వెటకారం వెతికాడు జగ్గారావు. చాలా శ్రద్ధగా వెతికాడు. దొరకలేదు. పాల బూత్ ఆయన ఆమెకు మజ్జిగ ఇచ్చాడు. ఆమె సగం తాగి, మలుపులో ఆగిన ఆటోను పక్కకు తీయించడానికి వెళ్లింది.

జగ్గారావు షీటు ముందు పెట్టుకుని బూత్ బల్ల మీద కూర్చున్నాడు. ఆ షీటులో సంతకం గడి పక్కన రిమార్కుల గడి ఒకటి ఉంది. పద్నాలుగు రోజులూ అది ఖాళీగానే ఉంది. అందులో ఏదైనా రాస్తే ఏసీపీ చదువుతారు, చదివితే అడుగుతారు, అడిగితే పోస్టు నిలవదు. ఇదంతా అతనికి తెలుసు. ఐదు నిమిషాలు పెన్ను మూత తీశాడు, పెట్టాడు. చివరికి రాశాడు: "నేను అడిగినందున ఎస్సై సునంద గారు పన్నెండు నిమిషాలు బళ్లు పట్టారు. నా లైను తగ్గింది, ఆవిడ లైను పెరిగింది అందువల్లే." కింద సంతకం చేశాడు.

భూషణం అది చదివి, "ఏటి సార్ ఇది!" అని తల పట్టుకుని, షీటు తీసుకుని వెళ్లిపోయాడు.

జగ్గారావు వచ్చి మాస్టారి కుర్చీ పక్కన నిలబడ్డాడు. ఆటో కదిలింది. సునంద రోడ్డు మధ్యలో నిలబడి ముందుకు చూస్తోంది. అతను ఆమెనే చూస్తున్నాడు.

"రాసేస్తే మనసు తేలికవుతుందనుకున్నాను మాస్టారూ. అవలేదు," అన్నాడు. "ఉన్న మాట చెప్తున్నాను. ఇప్పుడు కూడా ఆవిణ్ని చూస్తే నాకు కుళ్లుగానే ఉంది. నిన్నటికంటే ఎక్కువగా ఉంది."

మాస్టారు లేచి కుర్చీ మడిచి బూత్ ఆయనకు ఇచ్చారు.

"ఇవాళ ఆవిడ లైను నీ లైనుకు నాలుగింతలు కదయ్యా," అన్నారు. "మరి దేన్ని చూసి నీకు కుళ్లు?"